మూతికి వాసెన

భోగికి ముందురోజు తెల్లవారుజామున మా ఆవిడ పెట్టిన కేకకి ఇల్లంతా లేచి కూర్చుంది. పండక్కి దిగిన పిల్లలు హాల్లో చాపల మీదా పరుపుల మీదా అడ్డదిడ్డంగా పడుకున్నారు. పాలగిన్నె పట్టుకుని వాళ్లని దాటుకుంటూ వెళ్తున్న మనిషి, మా అమ్మాయి కొడుకు శశి దగ్గర కొయ్యబారిపోయింది. వాడి పెదాల మీద అడ్డంగా తెల్లటి పట్టీ ఒకటి అతికించి ఉంది. వాడు మాత్రం హాయిగా నిద్రపోతున్నాడు.

"ఏవండోయ్, ఇలా రండి! వీడి మూతికెవరో వాసెన కట్టేశారు!"

వాసెన అంటే ఈకాలం పిల్లల్లో సగం మందికి తెలియదు. ఆవకాయ జాడీ మూతికి తెల్లగుడ్డ వేసి దారంతో బిగించి కడతారే, అది. గాలి దుమ్మూ పురుగూ పుట్రా లోపలికి పోకుండా. పట్టీ వేసుకున్న మా శశిగాడు అచ్చం అలాగే ఉన్నాడు, ఉప్పూ కారం ఒకటే తక్కువ.

వాడు లేచి పట్టీని చర్రున పీకాడు. చుట్టూ ఎర్రగా చార పడింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం వాడిది. ఫోన్లో రీల్స్ చూసి నెల రోజులుగా ఇలా పడుకుంటున్నాట్ట. "నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకుంటే గురక రాదు అమ్మమ్మా. పొద్దున్న నోరెండిపోదు. దవడ కూడా కోసుగా తయారవుతుందంట."

"నోరు మూసుకోమని చిన్నప్పుడు నీకు రోజుకి పదిసార్లు చెప్పాను. అప్పుడు విన్లేదేం?" అని మా ఆవిడ పాలకి వెళ్లిపోయింది.

నేను ముప్పై నాలుగేళ్లు సైన్సు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి అవకాశం దొరికితే ఊరుకుంటానా? "నువ్వు చెప్పిందాంట్లో సగం నిజం ఉందిరా" అన్నాను. "ఏ సగం తాతయ్యా?" అన్నాడు. "వంటింట్లోంచి నాలుగు స్టీలు కంచాలు పట్రా, చెబుతాను."

మీరూ చేసి చూడండి, ఖర్చులేని ప్రయోగం. ఫ్యాను ఆపేయాలి. చల్లటి స్టీలు కంచాన్ని తళతళలాడేలా తుడిచి, అంచు పైపెదవికి ఆనించి, పళ్లెం పట్టినట్టు ముక్కు కింద అడ్డంగా పట్టుకోవాలి. నోరు మూసి, నెమ్మదిగా ముక్కుతో గాలి వదలాలి. కంచం మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. సంక్రాంతి చలికి కంచం చల్లగా ఉంటుంది కాబట్టి మాకు బ్రహ్మాండంగా పడ్డాయి. అరుగు మీద నలుగురు పిల్లలూ వరసగా కూర్చుని ఊదారు. నలుగురిలో ముగ్గురికి ఒక మచ్చ పెద్దది, ఒకటి చిన్నది. "నాది వంకరగా పడింది తాతయ్యా, నా ముక్కు పాడైపోయిందా?" అని ఒకడి బెంగ.

పాడవలేదు. రెండు మూడు గంటలాగి మళ్లీ ఊదితే, చిన్న మచ్చ పెద్దదై పెద్ద మచ్చ చిన్నదైనా ఆశ్చర్యం లేదు. ముక్కు లోపలి పొర కింద స్పాంజిలాంటి కండ ఉంటుంది. దాంట్లోకి రక్తం చేరితే ఉబ్బుతుంది, జారితే వాడుతుంది. చాలామందిలో ఒక రంధ్రంలో ఉబ్బినప్పుడు రెండోదాంట్లో వాడుతుంది. కొన్ని గంటలకి అటుదిటు, ఇటుదటు. ముక్కు కూడా షిఫ్టు డ్యూటీలు వేసుకుంటుందన్నమాట. దీన్ని వైద్యశాస్త్రంలో తొలిసారి వివరంగా రాసినవాడు రిచర్డ్ కైజర్ అనే జర్మన్ డాక్టరు, 1895లో. మన యోగం చదివినవాళ్లు మాత్రం నవ్వుకుంటారు. ఎడమ ముక్కు ఇడ, కుడి ముక్కు పింగళ, ఏ పూట ఏ స్వరం నడుస్తోందో చూసుకోమని వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఏ స్వరంలో ప్రయాణం మొదలెడితే పని జరుగుతుందన్న మాటల జోలికి నేను పోను గానీ, స్వరం మారుతుందన్న పరిశీలన మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. సంధ్యవార్చుకునేటప్పుడు మా నాన్నగారు ఒక ముక్కు మూసి రెండోదాంతో పీల్చడానికి అవస్థ పడుతుంటే, జలుబేమో అనుకునేవాణ్ణి. షిఫ్టు మారే వేళన్నమాట, పాపం.

ఇంకో చిన్న తిరకాసు. పక్కకి తిరిగి పడుకుంటే, కిందవైపున్న ముక్కు దిబ్బడేస్తుంది. జలుబు చేసిన రాత్రి అటూ ఇటూ దొర్లే మనిషికి ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

"ఇంతకీ ముక్కుతోనే ఎందుకు పీల్చాలి? నోటిదీ గాలే, ముక్కుదీ గాలేగా?" అన్నాడు శశి తమ్ముడు. మంచి ప్రశ్న.

మనం రోజుకి దాదాపు 10,000 లీటర్ల గాలి పీలుస్తాం. ఊపిరితిత్తుల అడుగు గదుల్లోకి చేరేసరికి ఆ గాలి ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకి రావాలి, నిండా తేమ పట్టి ఉండాలి. జనవరి చలిగాలైనా, రోహిణి కార్తె వడగాలైనా అంతే. ఈ పని చాలావరకు మూడు నాలుగు అంగుళాల ముక్కు గూట్లోనే అయిపోతుంది. ఎలాగంటే, ముక్కు లోపల గొట్టంలా నున్నగా ఉండదు. ఒక్కో పక్కన మూడేసి మడతలు, కొబ్బరాకు చుట్టి చేసిన బూరలా లోపలికి చుట్టుకుని ఉంటాయి. గాలి ఆ సందుల్లోంచి గోడల్ని రాసుకుంటూ పోవాలి. తడిగా వెచ్చగా ఉన్న గోడలు దాన్ని వెచ్చబెడతాయి, తడుపుతాయి, దుమ్మూ ధూళీ జిగటలో అంటించుకుంటాయి. గాలి తిరిగి బయటికొచ్చేటప్పుడు అవే గోడలు కాస్త చల్లగా ఉంటాయి కాబట్టి, దాంట్లో తేమని కొంత వెనక్కి లాక్కుంటాయి. ఇచ్చిన అప్పు కొంతైనా వసూలు చేసుకోవడమన్నమాట. ఎడారి ఒంటె ముక్కు ఈ వసూళ్లలో మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది.

నోరు అలా వసూలు చెయ్యలేదు. కంచం మీద నోటితో "హా" అని ఊదించాను. కంచం సగం మసకబారిపోయింది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2006లో దీన్ని కొలిచి చూశారు. గాలి ముక్కుతో వదిలితే పోయే నీటికంటే నోటితో వదిలితే 42 శాతం ఎక్కువ నీరు పోతుందని తేలింది. రాత్రంతా నోరు తెరుచుకు పడుకున్నవాడికి పొద్దున్నే నాలుక పిడచగట్టుకుపోవడం అందుకే. పైగా నిద్రలో లాలాజలం ఊరడమే తక్కువ. పళ్లని పుచ్చకుండా కాచే ఆ కాస్త తడీ ఆరిపోతే, పంటి డాక్టరుకి పండగ.

ముక్కులో ఇంకో వింత ఉంది. ముక్కు చుట్టూ ఎముకల్లో సైనసులని బోలు గదులుంటాయి. అవి తలనొప్పి తెప్పించడానికే ఉన్నాయని మా ఆవిడ గట్టి అభిప్రాయం. ఆ గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుందని స్వీడన్‌లోనే, స్టాక్‌హోంలోని కరోలిన్స్‌కా వాళ్లు 1995లో కనిపెట్టారు. రక్తనాళాల్ని సడలించే వాయువు ఇది. ఒంట్లో దీని పాత్ర ఏమిటో తేల్చిన ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. ముక్కుతో పీలిస్తే ఇది గాలితో కలిసి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆ కరోలిన్స్‌కా జట్టులోని వైట్స్‌బెర్గ్, లుండ్‌బెర్గ్ ఇద్దరూ 2002లో ఇంకో తమాషా చూపించారు. ఊరికే ముక్కుతో గాలి వదిలినప్పటికంటే, నోరు మూసి "మ్‌మ్‌మ్" అని కూనిరాగం తీస్తూ వదిలితే, ఈ వాయువు పదిహేను రెట్లు ఎక్కువ బయటికొస్తుంది. ఆ రొదకి సైనసు గదుల్లో గాలి కదిలి బయటికి తన్నుకొస్తుంది. భ్రామరి ప్రాణాయామం చేసేవాళ్లు చేసేది సరిగ్గా ఆ తుమ్మెద రొదే. ఇలా చెప్పగానే పిల్లలు నలుగురూ ఒకేసారి మొదలెట్టారు. అరుగు మీద తేనెతుట్టె కదిలినట్టయింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

కానీ నైట్రిక్ ఆక్సైడ్ పేరు చెప్పి పట్టీలమ్మేవాళ్ల మాటలు మాత్రం సగానికి సగం తగ్గించుకుని వినండి. ముక్కులో ఆ వాయువు ఉన్నది నిజం. ఆరోగ్యంగా ఉన్నవాడు పట్టీ వేసుకుంటే దానివల్ల ఆయుష్షు పెరుగుతుందనడం దుకాణం మాట.

ఇప్పుడు గురక సంగతి. మా కోనసీమ పిల్లలకి బూర అంటే చెప్పక్కర్లేదు. కొబ్బరాకు చుట్టి, కొసని నొక్కి ఊదితే "పీఁ" అంటుంది. రెండు పల్చటి ఆకు అంచుల మధ్య సందు ఇరుకైతే గాలి వడిగా పోతూ అంచుల్ని కొట్టుకునేలా చేస్తుంది. గురకా అంతే. అంగిట్లో వెనకవైపు మెత్తటి తెర, దాని కొసన కొండనాలుక, కింద నాలుక మొదలు. నిద్రలో ఇవన్నీ సడలిపోతాయి. దారి ఇరుకై, తెర రెపరెపలాడుతుంది. నోరు తెరిస్తే దవడ కిందికీ వెనక్కీ జారుతుంది. దాంతోపాటు నాలుకా వెనక్కి ఒరుగుతుంది. ఇరుకు మరీ ఇరుకవుతుంది. కాబట్టి నోరు మూసుకుంటే గురక తగ్గొచ్చని మా శశి అన్నదాంట్లో యంత్రశాస్త్రం ఉంది. ఇదే ఆ నిజమైన సగం.

రెండో సగం చెప్పడానికి కొబ్బరిబొండాల బండి దాకా వెళ్లాల్సొచ్చింది. ఇప్పుడు బొండాంలో కాగితం స్ట్రా వేసిస్తున్నారు కదా. తాగగా తాగగా అది నాని మెత్తబడుతుంది. అడుక్కొచ్చేసరికి గట్టిగా పీలుస్తాం. అంతే, గోడలు లోపలికి అతుక్కుని స్ట్రా నొక్కుకుపోతుంది. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా మూసుకుంటుంది. కొందరి గొంతు నిద్రలో నానిన స్ట్రాలాంటిది. పైన ముక్కులో దిబ్బడ ఉంటే ఇంకా గట్టిగా లాగాలి, లాగితే గొంతు మూసుకుంటుంది. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి అర నిమిషం పైన గాలి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి కాస్త లేపుతుంది. గుర్రుమని ఒక పెద్ద గురక, మళ్లీ నిద్ర. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. గంటకి అయిదుసార్లలోపు పరవాలేదు. అయిదు నుంచి పదిహేను తేలిక రకం, ముప్పై దాటితే తీవ్రం.

ఇక్కడ నా కథ చెప్పకపోతే దొంగతనమవుతుంది. మూతికి పట్టీ వేసుకోవడం శశి కంటే ముందే, ఆరేళ్ల క్రితం నేనూ చేశాను. నా గురకకి మా ఆవిడ పక్కగదికి మకాం మార్చేసిన రోజులవి. ఎక్కడో చదివి, మందులషాపులో కాగితం ప్లాస్టరు చుట్ట కొనుక్కొచ్చాను. నా మీసం సంగతి మీకు తెలియదు, గుబురు మీసం. మొదటి రాత్రి ప్లాస్టరు మీసానికే అంటుకుంది, పెదవికి అంటలేదు. పొద్దున్న పీకితే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. పీకిన ప్లాస్టరు చూసి మా ఆవిడ "దీనికి మీకంటే ఎక్కువ మీసముంది" అంది. మర్నాడు తెలివిగా నిలువునా చిన్న ముక్క వేశాను. నాలుగైదు రాత్రులు బాగానే గడిచింది, గురక చప్పుడు తగ్గిందని ఇంట్లో సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఆరో రాత్రి జలుబు. అర్ధరాత్రి దాటాక గుండె దడదడలాడుతూ లేచాను. రెండు ముక్కులూ మూసుకుపోయాయి, నోటి మీద ప్లాస్టరు. పీకి పారేసి, కిటికీ దగ్గర నిలబడి చేపలా నోరు తెరిచి పీల్చుకున్నాను.

కాకినాడలో ముక్కు చెవి గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన నన్ను పక్కనపెట్టి ముందు మా ఆవిణ్ణి అడిగాడు: "గురక మధ్యలో ఆగుతుందా అమ్మా?" అప్పుడు తను అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. "ఆగుతుందండీ. గురక పెడుతున్నంతసేపూ నాకు ధైర్యమే. ఆగినప్పుడే భయం. మళ్లీ మొదలయ్యేదాకా లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను." నలభై ఏళ్లు కాపురం చేసి, పక్కగదిలోకి వెళ్లింది గురకకి కాదు, ఆ లెక్కకి అని ఆ రోజు తెలిసింది నాకు.

స్లీప్ స్టడీ చేశారు. ఒంటినిండా వైర్లు తగిలించి, వేలికి క్లిప్పు పెట్టి, రాత్రంతా నిద్రపొమ్మంటారు. అన్ని వైర్ల మధ్య నిద్రెలా పడుతుందని మీరడగచ్చు. నాకూ అదే అనుమానం, కానీ పట్టింది. గంటకి 34 సార్లు ఊపిరి ఆగుతోందో, సగానికి పడిపోతోందో తేలింది. అంటే నేను ప్లాస్టరు వేసుకున్న రాత్రులు చప్పుడు తగ్గింది తప్ప, లోపల స్ట్రా మూసుకోవడం ఆగలేదు. ఊళ్లో దొంగలు పడ్డారని కుక్క మొరుగుతుంటే, నిద్ర పాడవుతోందని కుక్క మూతికి తాడు కట్టుకున్నానన్నమాట.

ఇప్పుడు నాకు సీపాప్ అనే యంత్రం ఉంది. ముక్కుకి తొడుగు, దానికి గొట్టం, చూడ్డానికి వినాయకుడిలా ఉంటాను. గాలిని కాస్త ఒత్తిడితో పంపుతుంది, సైకిల్ ట్యూబులోకి గాలి కొట్టినట్టు గొంతు గోడలు అతుక్కోకుండా నిలబెడుతుంది. దీన్ని కనిపెట్టింది కోలిన్ సలివన్ అనే ఆస్ట్రేలియా డాక్టరు, సిడ్నీలో, 1980లో. గొంతుకి కన్నం పెట్టాలన్నారు ఒక రోగికి. ఆ రోగి ససేమిరా అన్నాడు. అయితే ఇది చూద్దామని, వాక్యూమ్ క్లీనర్ మోటారుని తిరగేసి గాలి ఊదేలా బిగించి ముక్కుకి తగిలించారు. ఆ మనిషి ఏళ్ల తర్వాత తెల్లవార్లూ నిద్రపోయాడు. నా సంగతికొస్తే, యంత్రం వచ్చాక మా ఆవిడ మళ్లీ నా గదిలోకి వచ్చేసింది. రాత్రి లెక్కలు మానేసింది.

"అయితే నువ్వు చెప్పేదేంటి, రీల్స్‌లో అంతా అబద్ధమేనా?" అన్నాడు శశి, కొంచెం చిన్నబుచ్చుకుని.

అబద్ధం కాదురా, ఈ ముచ్చట రీల్స్ కంటే చాలా పాతది. జార్జ్ క్యాట్లిన్ అని అమెరికాలో ఒక చిత్రకారుడుండేవాడు. 1830లలో అక్కడి ఆదివాసుల గూడేలకి వెళ్లి వాళ్ల బొమ్మలు వందల కొద్దీ వేశాడు. పాలు తాగి పడుకున్న పసిబిడ్డ పెదాల్ని తల్లులు వేళ్లతో మెల్లగా మూయడం చూశాడు. వాళ్ల ఆరోగ్యానికీ, చక్కటి పలువరసకీ అదే కారణమని నమ్మి 1860లలో ఏకంగా ఒక పుస్తకం రాసేశాడు. తరవాతి ముద్రణల్లో దాని పేరు తెలుగులో చెప్పాలంటే "నోరు మూసుకుని ప్రాణం కాపాడుకో" అని. చిత్రకారుడి కన్ను మంచిదే, కానీ వైద్యుడి లెక్క కాదు. పోతే మన రోజుల్లో, 2020లో, జేమ్స్ నెస్టర్ అనే విలేకరి ఊపిరి గురించి పుస్తకం రాశాడు. స్టాన్‌ఫర్డ్‌లో జయకర్ నాయక్ అనే డాక్టరు పర్యవేక్షణలో పదిరోజులు ముక్కు బిరడాలు పెట్టుకుని నోటితోనే బతికాడు. గురక విపరీతంగా పెరిగింది, బిరడాలు తీస్తే తగ్గింది. చదవడానికి రంజుగా ఉంటుంది. కానీ ప్రయోగం చేసింది ఇద్దరి మీద, అందులో ఒకడు రచయితే.

మరి లెక్క ప్రకారం చేసినవాళ్లేమన్నారు? తైవాన్‌లో 2022లో, తేలికరకం ఆప్నియా ఉండి నోటితో ఊపిరి తీసుకునే అలవాటున్న ఇరవై మందికి పట్టీలు వేసి చూశారు. గంటకి 8.3 సార్లున్నది 4.7కి దిగింది, గురకా తగ్గింది. బాగుంది. కానీ ఇరవై మందే, అందరిదీ తేలిక రకమే. అంతకు ముందు 2009లో బ్రిటన్‌లో ఉబ్బసం ఉన్నవాళ్లకి నాలుగేసి వారాలు పట్టీ వేసి చూస్తే ఉబ్బసంలో ఏ మార్పూ లేదు. ఇక నాకు అన్నిటికంటే నచ్చింది బాస్టన్ వాళ్లు 2024లో బయటపెట్టింది. ఆప్నియా ఉన్న 54 మందిని మత్తుమందుతో నిద్రపుచ్చి, దవడ మూసి, గాలి ఎంత ఆడుతోందో కొలిచారు. సగటున చూస్తే, నోరు మూసినప్పుడు గాలి బాగా ఆడింది. అయితే నోటి మీదే బాగా ఆధారపడ్డవాళ్లని విడిగా చూస్తే, నోరు మూయగానే గాలి తగ్గిపోయింది. వాళ్లకి అంగిలి తెర దగ్గర ముక్కుదారి మూసుకుపోతోంది. అంటే ఎవడికి నోరు ఎక్కువ తెరుచుకుంటుందో, పట్టీ ఎవడికి కావాలనుకుంటామో, వాడికే అది ముప్పు.

కెనడా వాళ్లు 2025లో ఇలాంటి పరిశోధనలు పదింటిని ఏరి ముందేసుకున్నారు, అన్నీ కలిపినా 213 మంది. చెప్పుకోదగ్గ మేలు కనిపించింది రెండింటిలో. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లు ఊపిరాడక ఇబ్బంది పడొచ్చన్న హెచ్చరిక నాలుగింటిలో ఉంది. కోసు దవడ గురించి మాత్రం అడక్కు. పెద్దవాడి దవడ ఎముక ప్లాస్టరుకి లొంగేదైతే, సినిమావాళ్లు జిమ్ములు మానేసి మందులషాపుల్లో క్యూ కట్టేవాళ్లు.

"స్కూల్లో హెడ్మాస్టరు సెలవు పెడితే ఏం చేస్తార్రా?" అని అడిగాను. "ఇన్‌ఛార్జిని వేస్తారు." "మరి ఇన్‌ఛార్జిని గదిలో పెట్టి తాళం వేస్తే హెడ్మాస్టరు వచ్చేస్తాడా? ఆయన సెలవు ఎందుకు పెట్టాడో కనుక్కోవద్దూ?" శశి నవ్వాడు. నోరు ఇన్‌ఛార్జి. ముక్కు దూలం వంకరో, దుమ్ము పడకపోవడమో, లోపల కండ పెరిగిందో, అది చూడాలి.

మా కోడలు తలుపు చాటునుంచి ఇదంతా వింటోంది. "మావయ్యగారూ, మా చిన్నీ కూడా నోరు తెరుచుకునే పడుకుంటుంది. దానికి ఒక చిన్న పట్టీ..." అంటూ ఆగింది. నేను మామూలుగా కోడలిమీద గొంతు పెంచను. ఆ రోజు పెంచాను. ఆరేళ్ల పిల్ల అది. ఆ వయసు పిల్లల్లో ముక్కు వెనకాల అడినాయిడ్స్ అనే కండ ఉబ్బి ఉండడం మామూలు. పెద్దవుతుంటే అదే కరిగిపోతుంది. కొందరిలో మరీ పెరిగి ముక్కు వెనకదారి మూసేస్తుంది. ఆ పిల్లకి నోరొక్కటే కిటికీ. కిటికీ మూసేస్తావా? రాత్రి గురక పెట్టడం, నిద్రలో చెమటలు పట్టడం, పగలు బళ్లో చిరాకు పడడం, చదువు మీద ధ్యాస లేకపోవడం, ఇవి ఉంటే డాక్టరుకి చూపించు. "పండగవగానే తీసుకెళ్తాను మావయ్యగారూ" అంది. పిల్లలకి పట్టీ వద్దే వద్దు. తాగి పడుకునేవాళ్లకి, నిద్రమాత్ర వేసుకునేవాళ్లకి, వాంతయ్యేలా ఉన్నవాళ్లకి కూడా వద్దు. నోరు తెరవాల్సిన క్షణంలో తెరవలేకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

భోగినాడు తెల్లవారుజామున వీధి చివర మంట వేశాం. పాత తలుపు చెక్కలూ తాటాకులూ పిడకలూ. శశిగాడు పొగలో నిలబడి రెండు గంటలు ఫొటోలు తీశాడు. సాయంత్రానికి మొదలు తుమ్ములు. రాత్రి పడుకోబోయే ముందు పట్టీల డబ్బా చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఇవాళ వేసుకోనా, మాననా?"

కంచం తెమ్మన్నాను. ఊదాడు. మచ్చ కనీ కనపడనట్టు పడింది, అదీ ఒకటే. "మూడు నిమిషాలు నోరు మూసుకుని కూర్చో చూద్దాం" అన్నాను. నిమిషంన్నరకే గుటకలేసి నోరు తెరిచాడు. మెలకువగా ఉండి కూర్చుని చెయ్యలేనిది, నిద్రలో వెల్లకిలా పడుకుని ఏం చేస్తాడు? కోడలు బామ్ డబ్బా పట్టుకొచ్చింది. రాసుకోగానే "ఆహా, తెరుచుకుంది" అన్నాడు. మళ్లీ కంచం పట్టించాను. మచ్చ పెరగలేదు. బామ్‌లో మెంతాల్ ముక్కులోని చల్లదనం తెలిసే నరాన్ని మీటుతుందంతే, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది. దారి మాత్రం వెడల్పవదు. ఈ మోసం వాడికి భలే నచ్చింది. ఇంకో రెండుసార్లు రాసుకుని మరీ చూసుకున్నాడు.

కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి ముక్కు కడిగించాను. కుళాయి నీళ్లు నేరుగా వాడకూడదు సుమా, వాటిల్లో ఉండే ఒక రకం అమీబా ముక్కుగుండా మెదడుకెక్కిందంటే మనిషి దక్కడం అరుదు. తలకింద ఎత్తు పెట్టించి, పక్కకి తిప్పి పడుకోబెట్టాను. వెల్లకిలా దొర్లకుండా చొక్కా వెనక టెన్నిస్ బంతి కుట్టే చిట్కా ఒకటి పాతకాలం నుంచి ఉంది. బంతి దొరక్క వాడి వీపు వెనక మా ఆవిడ బాలీసు దూర్చింది. పట్టీ లేకుండా పడుకున్నాడు. తెల్లవారాక మా ఆవిణ్ణి అడిగితే "గురక పెట్టాడు గానీ, ఆగలేదు లెండి" అంది. రాత్రి లేచి విని వచ్చిందన్నమాట. హైదరాబాదు వెళ్లాక ముక్కు డాక్టరుకి చూపించుకుంటానని వాళ్లమ్మకి ఫోన్లో మాటిచ్చాడు. నేను పక్కనే ఉండి విన్నాను కాబట్టి తప్పించుకోలేడు.

కనుమనాడు మినప గారెలు. వంటింట్లో మూకుడు చుయ్‌మంటోంది. మధ్యాహ్నం పీటలు వాల్చి పిల్లల్ని కూర్చోమంటే, ఒక్కడూ కంచం నేలమీద పెట్టలేదు. ఎడమ ముక్కు మచ్చ ఎవడిది పెద్దదో, కుడి ముక్కు మచ్చ ఎవడిది పెద్దదో పందేలు. చిన్నీ అందరికంటే గట్టిగా ఊది, కంచం నిండా మచ్చ చూపించి "నేనే ఫస్టు!" అంది. అది నోటితో ఊదిందని అందరూ ఒకటే గోల. గారెల పళ్లెం పట్టుకుని వచ్చిన మా ఆవిడ గుమ్మంలో ఆగింది.

"ఊదిన కంచాలన్నీ పెరట్లోకి తీసుకెళ్లి కడుక్కుని రండి. అప్పుడే గారెలు. మీరు కూడానండీ!"